మరబోట్ల ఇంజిన్ గది నేలను కూడా తనిఖీ చేయండి

సంపాదకుడు గారికి,

ఏటా ఏప్రిల్ 15న చేపల వేట నిషేధం మొదలవగానే పత్రికల్లో రెండు రకాల వార్తలు వస్తాయి. ఒకటి మత్స్యకారులకు ఇచ్చే భృతి గురించి, రెండోది రేవుల్లో జరిగే బోట్ల మరమ్మతుల గురించి. రెండోదానికి ఫొటో ఎప్పుడూ ఒకటే: ఒడ్డుకు లాగిన బోటుకు రంగు వేస్తున్న మనిషి. ఆ బోటు లోపల, ఇంజిన్ గదిలో డ్రైవర్ కాలు పెట్టే నేల ఎలా ఉందో ఎవరూ రాయరు, అధికారులూ అడగరు. విశాఖ రేవులో మరబోట్ల ఇంజిన్లు బాగుచేసే పనిలో ఉన్నవాణ్ణి కాబట్టి ఆ సంగతి రాస్తున్నాను.

మన బోట్లలో ఇంజిన్ గది అంటే నడుం వంచకుండా నిలబడలేని చోటు. ఇంజిన్‌కు అటూ ఇటూ మనిషి పక్కకు తిరిగి నడిచేంత సందు, అందులో పరిచిన చెక్కలు. వాటి కింద షాఫ్టు గ్లాండు (పంకాను తిప్పే ఇరుసు బోటు బయటికి వెళ్లేచోట నీళ్లు రాకుండా బిగించే బిగింపు) నుంచి కారే ఉప్పునీళ్లు, ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చేటప్పుడు ఒలికిన డీజిల్ అన్నీ కలిసి నిలుస్తాయి. పైన పడిన ఆయిల్‌ను చెక్క పీల్చుకుంటుంది. జారుతోందని దాని మీద గోనె సంచి పరుస్తారు, లేకపోతే ఇంట్లో పాతబడిన కార్పెట్ ముక్క. జారడం ఆగే మాట నిజమే. కానీ గిన్నెలో పోసిన డీజిల్‌కు అగ్గిపుల్ల చూపిస్తే తొందరగా అంటుకోదు, అదే డీజిల్ గోనెలో ఇంకితే దీపం వత్తిలా అందుకుంటుంది. పక్కనే పొగగొట్టం సలసల కాగుతూ ఉంటుంది. పెద్ద ఓడల్లో 220 డిగ్రీలు దాటి వేడెక్కే భాగాలను, ఆయిల్ తగిలే అవకాశం ఉంటే, వేడి బయటికి రాకుండా కప్పి ఉంచాలని సోలాస్ అనే అంతర్జాతీయ ఓడల భద్రతా ఒప్పందంలో నిబంధన ఉంది. చేపల బోట్లకు ఆ నిబంధన వర్తించదు. మన బోట్లలో చాలావాటికి వేడి ఆపడానికి ఆ గొట్టం మీద చుట్టిన తాడు ఊడి వేలాడుతూనే ఉంటుంది.

2023 నవంబరు 19 రాత్రి విశాఖ రేవులో పదుల కొద్దీ బోట్లు కాలిపోయాయి. దానికి ఇంజిన్ గదులు కారణమని నేను అనడం లేదు. నిప్పు ఎక్కడ పుట్టినా, పక్కపక్కన కట్టిన బోట్లలో డీజిల్ తాగిన చెక్కలు ఉంటే అది ఎలా పాకుతుందో ఆ రాత్రి నగరమంతా చూసింది. గోదావరి మీద 2018 మేలో పాపికొండలకు వెళ్తున్న పర్యాటక బోటు కాలిన సంగతి కూడా పాఠకులకు గుర్తుండే ఉంటుంది. నది లాంచీలకైనా ఈ మాటలే వర్తిస్తాయి.

మరి ఏం వేయాలి? యజమానులు నన్ను అడిగితే ముందు చెప్పేది ఏం వేయకూడదో. మామూలు కమర్షియల్ ప్లై వద్దు, తడికి పొరలు పొరలుగా విడిపోతుంది. ప్లైవుడ్డే కావాలంటే ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి ఉన్న భారత ప్రమాణం) ముద్ర ఉన్న మెరైన్ ప్లై తీసుకుని, కోసిన అంచులకు, స్క్రూ రంధ్రాలకు కూడా తడి చొరనివ్వని ఎపాక్సీ పూత పట్టించాలి. మామూలు రబ్బరు మ్యాట్ డీజిల్‌కు ఉబ్బి మెత్తబడుతుంది. నైట్రైల్ రబ్బరైతే ఆయిల్‌కు ఆగుతుంది, కాకపోతే ధర ఎక్కువ.

ఈమధ్య అందరి చూపూ అల్యూమినియం చెకర్ ప్లేట్ (పైన ఉబ్బెత్తు గీతలున్న రేకు) మీదే ఉంది. తేలిక, తుప్పు పట్టదు, చూడ్డానికి మెరుస్తుంది. కానీ ఆయిల్ పడితే ఆ గీతలు కాలిని ఆపలేవు, అరిగాక అసలే ఆపలేవు. ఇనుప బోల్టులతో నేరుగా బిగిస్తే ఉప్పునీటి తడికి బోల్టు చుట్టూ అల్యూమినియం తినేసుకుపోతుంది, మధ్యలో రబ్బరు వాషరో ప్లాస్టిక్ బుష్షో పెట్టాలి. ఇనుప చెకర్ ప్లేట్ చవక, గట్టిది, మంటకు తట్టుకుంటుంది. బరువు, తుప్పు దాని జబ్బులు. ఫైబర్ జాలీ పలకలు జారవు, తుప్పు పట్టవు. కానీ చేతిలోంచి జారిన ప్రతి నట్టూ కిందికి పోతుంది, కారే ఆయిల్ కంటికి కనపడదు. పైగా మంటను అడ్డుకునే రకం రెజిన్‌తో (ఫైబర్‌ను అతికించే జిగురుతో) చేసినవి కాకపోతే ఫైబర్ కూడా మండుతుంది. ఇంజిన్ పక్కన జాలీ వేయడానికి నేను ఒప్పుకోను.

నా లెక్కలో చిన్న బోటుకు సరిపోయేది సాదా పద్ధతే. మెరైన్ ప్లై గానీ ఇనుప ప్లేటు గానీ వేసి, దాని మీద లేత బూడిద రంగు ఎపాక్సీ పెయింట్ కొట్టి, తడి ఆరకముందే కడిగి ఎండబెట్టిన ఏటి ఇసుక చల్లి, ఆరాక ఇంకో పూత వేయాలి. ఉప్పుంటుంది కాబట్టి సముద్రపు ఇసుక పనికిరాదు. లేత రంగు ఎందుకంటే ఆయిల్ చుక్క పడిన వెంటనే కనిపిస్తుంది, ఎక్కడ కారుతోందో తెలుస్తుంది. మన దగ్గర నేలకు నల్ల రంగో ముదురు ఎరుపో వేసి మురికి కనపడకుండా చేయడమే అలవాటు.

ఏం వేశామన్నదానికంటే దాన్ని ఎలా అమర్చామన్నది ముఖ్యం. నేల కింద సముద్రపు నీళ్లు లోపలికి వచ్చే వాల్వు ఉంటుంది, పంపు జల్లెడ ఉంటుంది, షాఫ్టు గ్లాండు ఉంటుంది. నీటి గొట్టం పగిలితే ఆ వాల్వు కట్టేయడానికి దొరికేది చాలా తక్కువ సమయం. మేకులు దిగ్గొట్టి, పైన డబ్బాలు పేర్చిన చెక్కను చీకట్లో, ఊగే బోటులో ఎవరు ఎత్తగలరు? ఒక మనిషి ఒంటి చేత్తో లేపగలిగిన ముక్కలుగా కోసి, వేలు పట్టే రంధ్రం పెట్టి, అల ఊపుకు జరగకుండా తిప్పుడు గడియ పెట్టించాలి. తిరిగే షాఫ్టు మీద మాత్రం మూత తప్పనిసరి. లుంగీలో, భుజాన తువ్వాలుతో దిగే మనుషులు మనవాళ్లు. ఆ గుడ్డ షాఫ్టుకు చిక్కితే ఏమవుతుందో రేవులో అందరికీ తెలుసు, అయినా సగం బోట్లకు మూత ఉండదు.

తనిఖీకి వచ్చేవాళ్లు కాగితాలు, లైఫ్ జాకెట్లు అడుగుతారు. మంచిదే. దాంతోపాటు ఇంజిన్ గదిలోకి దిగి, ఒక్క పలక ఎత్తి చూడమని మత్స్యశాఖను కోరుతున్నాను. యజమానుల మీద జరిమానాలు వేయమని మాత్రం అడగడం లేదు. డీజిల్ ధరకే నడుం విరిగి ఉన్నారు. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో సాంప్రదాయ, మోటారు పడవలవాళ్లకు భద్రతా కిట్లు పెట్టారు. అలాంటి సాయంలో మరబోట్ల ఇంజిన్ గది నేలకూ, షాఫ్టు మూతకూ చోటిస్తే తప్పేముంది?

బోటు ఇంజిన్ డ్రైవర్లకు శిక్షణ ఇచ్చే సిఫ్నెట్ యూనిట్ విశాఖలోనే ఉంది. కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ పరిశోధన కేంద్రమూ ఇక్కడే ఉంది. ఈ రెండూ కలిసి తెలుగులో, బొమ్మలతో, ఒక్క కాగితం మీద కొలతలు గీసి ఇవ్వాలి. నిషేధం ముగిసే జూన్ 14 లోపు ఏదో ఒక బోటుకు ఆ నేల వేయించి జెట్టీ దగ్గర కట్టి ఉంచాలి. రేవులో ఒకడు కొత్త రంగు వేస్తే నెలలో పది బోట్లకు అదే రంగు పడుతుంది, దీన్నీ చూసి చేయించుకుంటారు. ఇసుక చల్లే పని నేర్పడానికి మాలాంటి మెకానిక్‌లు డబ్బు కూడా అడగరు.

ఇట్లు
ఒక మరబోటు ఇంజిన్ మెకానిక్,
విశాఖపట్నం