తీర్మానం 9న, నా పత్తి తూకం 27న: జిన్నింగ్ కంపెనీకి ఫిర్యాదు లేఖ

గుణుపూర్, రాయగడ జిల్లా, ఒడిశా
15 మే 2023

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: పత్తి బాకీ రూ. 1,40,100

అయ్యా,

జనవరి 27న మీ మిల్లు కాటాకు 21 క్వింటాళ్ల పత్తి వేశాను. క్వింటా 8,100 చొప్పున 1,70,100 రూపాయలు. చేతిలో 30 వేలు పెట్టి, మిగతాది పదిహేను రోజుల్లో అన్నారు మీ గుమాస్తా. పన్నెండేళ్లుగా మీకే వేస్తున్నాను కాబట్టి కచ్చా చీటీ జేబులో పెట్టుకుని వచ్చేశాను. ఫిబ్రవరి, మార్చి మీ గేటు చుట్టూ తిరగడానికే సరిపోయాయి. పత్తి ఏరిన సవర కూలీలకు అప్పు తెచ్చి కూలి ఇచ్చాను. ఏప్రిల్‌లో గేటుకు కాగితం అంటించారు: కంపెనీ దివాలా ప్రక్రియలో ఉంది, బాకీ రావాల్సినవాళ్లు క్లెయిము వేసుకోండి అని.

క్లెయిములు వేయమని పేపర్లో ప్రకటన వచ్చిందిగా అంటున్నారు. వచ్చింది, ఒకటి ఇంగ్లీషులో, ఒకటి ఒడియాలో. నాకు ఒడియా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. పత్తి కావాల్సినప్పుడు మాత్రం మీ గుమాస్తా రాత్రి పదింటికి కూడా తెలుగులోనే ఫోన్ చేసేవారు.

మార్కెట్ పడిపోయి మునిగామంటున్నారు. అది సగం నిజం. 2022 మేలో క్యాండీ, అంటే 356 కిలోల దూది, లక్ష దాటింది. ఇంకా పెరుగుతుందని మీరు బేళ్లు గోదాములోనే ఉంచారు. అక్టోబరు వచ్చేసరికి ధర 70 వేల దరిదాపుల్లోకి దిగింది. ఆ బేళ్లను చూపించే బ్యాంకులో క్యాష్ క్రెడిట్, అంటే సరుకు హామీ మీద ఇచ్చే అప్పు, వాడుకున్నారు. సరుకు విలువ తగ్గితే బ్యాంకు అప్పు లిమిట్ కోస్తుంది గానీ వడ్డీ కోయదు. మిల్లు ఆడేది నాలుగైదు నెలలు, వడ్డీకి సెలవు లేదు. సరే, నష్టం మా చేలోనూ వస్తుంది. దానికి మిమ్మల్ని తప్పు పట్టను.

నా ఫిర్యాదు వేరు. మిమ్మల్ని బ్యాంకు కోర్టుకు లాగలేదు. దివాలా చట్టం సెక్షన్ 10 కింద కంపెనీయే కటక్‌లోని కంపెనీ లా ట్రిబ్యునల్‌కు వెళ్లింది. అలా వెళ్లాలంటే ముందుగా వాటాదారులు నాలుగింట మూడు వంతుల ఓట్లతో తీర్మానం చేయాలి. సీఏ చదువుతున్న మా ఊరి కుర్రాడు ట్రిబ్యునల్ ఆర్డర్ చదివి చెప్పాడు, మీ తీర్మానం జనవరి 9న జరిగిందని. అంటే చేతులెత్తేయాలని నిర్ణయించుకున్న పద్దెనిమిది రోజులకు కూడా కాటా దగ్గర అరువు మీద పత్తి దించుకున్నారు. మరి ఆ 30 వేలు ఎందుకిచ్చినట్టు? నమ్మకం చెడకుండానా?

ఇప్పుడు అప్పులవాళ్ల కమిటీలో ఓటు బ్యాంకులది. సరుకు ఇచ్చిన మాకు ఓటు లేదు, పంపకాల్లో మా వంతు ఎక్కడో చివర. అందులోనూ నా దగ్గరున్నది సంతకం లేని కచ్చా చీటీ.

కాబట్టి నా ఖాతా పేజీ నకలు కంపెనీ ముద్రతో వెంటనే ఇప్పించండి, సరుకు ఇచ్చినవాళ్లు క్లెయిము వేసే ఫారం బికి జతచేయాలి. జనవరి 9 తర్వాత అరువు మీద పత్తి వేసిన రైతులందరి పేర్లు, తూకాలు దివాలా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కు అందజేయండి. ఆ రోజుల్లో కొనుగోళ్లు ఆపొద్దని చెప్పిందెవరో రాతపూర్వకంగా తెలపండి.

పది రోజుల్లో జవాబు రాకపోతే, సెక్షన్ 66 కింద డైరెక్టర్ల మీద ట్రిబ్యునల్‌కు వెళ్లమని ఆ రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కే అర్జీ పెడతాను. దివాలా తప్పదని తెలిసీ అప్పులవాళ్ల నష్టం తగ్గించడానికి జాగ్రత్త పడని డైరెక్టర్ల చేత సొంత డబ్బు కట్టించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. ఈ లేఖ నకలు ఆయనకూ పంపుతున్నాను.

ఇట్లు,
మీ మిల్లుకు పత్తి వేసిన రైతు

జత: కచ్చా చీటీ జిరాక్సు