మైకోనోస్ రేవులో దారి చెప్పిన పెద్దాయనకు కృతజ్ఞతలు

పేరు కూడా చెప్పకుండా వెళ్లిపోయారు. మీ సలహాలు గ్రీస్‌లోని ఆ ద్వీపానికి వెళ్లేవాళ్లందరికీ పనికొస్తాయి, అందుకే ఇక్కడ రాస్తున్నాం.

జూలై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి వీచే మెల్తెమి గాలి ఆకాశంలో మబ్బు లేకపోయినా ఉధృతమవుతుంది. ఎండను కాదు, గాలి బలాన్ని చెప్పే బోఫోర్ట్ అంకెను చూడమన్నారు. గాలి పెరిగితే ముందు ఆగేవి తేలికైన కెటమరాన్లు (జంట అడుగుల వేగపు పడవలు), పెద్ద ఫెర్రీలు ఆ తర్వాతే. ఏథెన్స్‌లో విమానం ఉంటే కనీసం ఒక రోజు ముందే ఏథెన్స్ దగ్గరి రేవులైన పిరేయస్‌కో రఫీనాకో చేరాలి. ఇది మాత్రం తప్పక పాటించండి.

పక్కనే ఉన్న పురాతన శిథిలాల ద్వీపం డెలోస్‌కు వెళ్లే పడవలు ఊళ్లోని పాత రేవులో ఎక్కాలి. పెద్ద ఫెర్రీలకు సుమారు 2 కిలోమీటర్ల దూరంలోని తూర్లోస్ కొత్త రేవుకు వెళ్లాలి. ఈ తేడా తెలియకే పడవ తప్పుతుంది. డెలోస్‌ను మొదటి రోజే పెట్టుకుంటే, గాలికి రద్దయినా మరో రోజు మిగులుతుంది.

ఈతకు ఉత్తరాన ఉన్న ఫ్తెలియా బీచ్ కంటే దక్షిణాన ప్లాతిస్ యాలోస్ బీచ్ మేలు, అక్కడ గాలికి కొండల చాటు ఉంటుంది. ఒకప్పుడు ధాన్యాన్ని పిండి చేసిన కాతో మిలీ గాలిమరలు గాలి బాగా తగిలే చోటే ఉన్నాయి, టోపీ జాగ్రత్త!

తొందరలో ఉండి కూడా టికెట్ మీద రేవు పేరు కింద గీత గీసి మరీ చూపించారు. మీకు రుణపడి ఉంటాం.