రికార్డు రూముల్లో పని ఉంది, చేసే పిల్లలకు జీతం లేదు

సంపాదకులకు,

అయ్యా,

చరిత్రలో పీజీ చేసినవారికి ఉన్న ఉద్యోగావకాశాల గురించి ఈ మధ్య మీ జిల్లా పేజీల్లో ఒక వ్యాసం వచ్చింది. ఉపాధ్యాయ కొలువులు, టూరిజం, గ్రూప్స్, సివిల్స్ అన్నీ వివరంగా రాసి, పాత రికార్డులను భద్రపరిచే ఆర్కైవ్స్‌ను చివర్లో ఒక్క వాక్యంతో సరిపెట్టారు. రెవెన్యూ శాఖలో నా ఉద్యోగమంతా పాత కాగితాల బస్తాల మధ్యే గడిచింది. అందుకని ఆ వాక్యానికి కొనసాగింపుగా నాలుగు మాటలు రాస్తున్నాను.

మన నల్గొండ, పాలమూరు ప్రాంతాల్లో ఏ భూమి తగాదా తీసుకున్నా చివరికి సేత్వార్, ఖాస్రా పహాణీ, చెసాల పహాణీ, ఫైసల్ పట్టీ వంటి పాత భూమి రికార్డుల దగ్గరికే వస్తుంది. ఖాస్రా పహాణీ 1954-55 నాటిది. అది కూడా చాలా గ్రామాలకు ఉర్దూలోనే ఉంటుంది. ఇంకా వెనక్కి వెళితే తేదీలు ఫస్లీలో, అంటే నిజాం కాలపు శిస్తు సంవత్సరాల్లో ఉంటాయి. ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే ఫస్లీకి 590 కలుపుకోవాలని వకీళ్లందరికీ తెలుసు. నిజాం రాజ్యంలో ఫస్లీ సంవత్సరం అక్టోబరులో మొదలయ్యేదని, 1340 ఫస్లీ అంటే 1930 అక్టోబరు నుంచి 1931 అక్టోబరు దాకా అని ఎందరు గుర్తుంచుకుంటారు? ఆ తేడా తెలియక ఒక ఏడాది బస్తాకు బదులు మరో ఏడాది బస్తా విప్పి, దొరకలేదని రాసి పంపేస్తారు. కొల్లాపూర్ వైపు శ్రీశైలం ముంపు కుటుంబాలవారు 1986 నాటి 98 జీవో కింద ఉద్యోగం అడగాలన్నా, నీళ్లలో కలిసిన ఇల్లో పొలమో తమదేనని కాగితంతోనే చూపించాలి. ఆ కాగితం ఎక్కడుందో చెప్పగలిగిన మనిషి కార్యాలయానికి ఒక్కరు కూడా ఉండరు.

ఉర్దూ బాగా వచ్చినవారు కూడా శిస్తు లెక్కల దగ్గర ఆగిపోతారు. అక్కడ మనకు తెలిసిన అంకెలు ఉండవు. అరబ్బీ సంఖ్యల పేర్లను కుదించి గీసిన సియాఖ్ గుర్తులు ఉంటాయి. నేను కొలువులో చేరిన కొత్తలో ఒక పెద్ద మున్షీ గారు మధ్యాహ్నం భోజనాలయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అవి నేర్పారు. నా తరువాత ఆ సీటులోకి వచ్చినవారికి నేర్పుదామంటే, వాళ్లకు ధ్రువపత్రాల పనితోనే పొద్దు గడిచిపోయేది. వారిని తప్పుపట్టను.

చదవడం ఒక పని అయితే, కాగితాన్ని బతికించడం మరో పని. పాత పహాణీ మొదట మడత దగ్గర చిరుగుతుంది. ఎవరో మంచి ఉద్దేశంతోనే దానికి సెల్లో టేపు అంటిస్తారు. కొన్నేళ్లకు టేపు పసుపెక్కి, ఎండి, పెళుసుబారి ఊడి వస్తుంది. వస్తూ వస్తూ సిరాను కూడా వెంట తీసుకుపోతుంది. ఒక కార్యాలయంలో నేను చూసిన పత్రంలో సర్వే నంబరు ఉంది, విస్తీర్ణం ఉంది, పట్టాదారు పేరు ఉండవలసిన చోట గోధుమరంగు చార మాత్రం మిగిలింది. ఆ రైతు మనవడు కిటికీ దగ్గర ఆ కాగితాన్ని వెలుగుకు పట్టి అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. ఆ కాగితం పని తెలిసినవారి చేతిలో పడి ఉంటే పలుచని టిష్యూ కాగితాన్ని మైదా జిగురుతో అతికించేవారు. అక్షరం కనిపిస్తూనే ఉండేది, అవసరమైతే తడిపి మళ్లీ తీసేయడానికీ వీలుండేది. ఇదేమీ బ్రహ్మవిద్య కాదు, కానీ ఒకరి దగ్గర కూర్చుని నేర్చుకోవాలి.

నేర్చుకునే చోట్లు ఉన్నాయి. 1891లో కలకత్తాలో మొదలై ఇప్పుడు ఢిల్లీలో ఉన్న జాతీయ అభిలేఖాగారం (నేషనల్ ఆర్కైవ్స్) తన స్కూల్ ఆఫ్ ఆర్కైవల్ స్టడీస్‌లో ఏడాది డిప్లొమా నడుపుతోంది. రికార్డుల నిర్వహణ, కాగితాల సంరక్షణ వంటి వాటిలో స్వల్పకాలిక కోర్సులు కూడా ఉన్నాయి. వాళ్ల అభిలేఖ్ పటల్ పోర్టల్‌ను ఇంట్లో కూర్చునే తిరగేయవచ్చు. పాత ఫైలును ఎలా వర్ణించాలో, సూచికలో ఏమేమి రాయాలో చూసి తెలుసుకోవడానికి అది చాలు. మనకు దగ్గరలో తార్నాకలో రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబుల నాటి పర్షియన్ పత్రాల నుంచి అసఫ్ జాహీ నిజాముల దఫ్తర్ల (కార్యాలయ రికార్డుల) దాకా అక్కడ ఉన్నాయి. ప్రభుత్వ కొలువే కావాలన్న పట్టుదల లేకపోతే పుణేలో రిజర్వు బ్యాంకు, టాటా సంస్థల ఆర్కైవ్స్, ముంబైలో గోద్రెజ్ ఆర్కైవ్స్, బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధన సంస్థ వారు 2019లో తెరిచిన ఎన్‌సీబీఎస్ ఆర్కైవ్స్ ఉన్నాయి. జాబితా ఇంకా పెంచవచ్చు గాని, దేవరకొండ పిల్లలకు పుణేలో గది అద్దె ఎవరు కడతారు?

అసలు చిక్కు అక్కడే ఉంది. మా వీధిలో ఒక అమ్మాయి ఉస్మానియాలో ఎం.ఏ. చరిత్ర చదివింది. ఆదివారాలు నా దగ్గర ఉర్దూ నేర్చుకుంటోంది. పాత పహాణీ నకలు ముందు పెడితే మౌజా (గ్రామం), తాలూకా, జిల్లా అన్న మాటలు ఇట్టే పట్టేస్తుంది. మొన్న ‘చందంపేట’ అని తనంతట తాను కూడబలుక్కుని చదివింది. ఆర్కైవ్స్ పని నేర్చుకుంటానని ఒక సంస్థకు దరఖాస్తు పెట్టుకుంటే, ఆరు నెలలు ఉచితంగా పనిచేయమన్నారట, చివర సర్టిఫికెట్ ఇస్తామన్నారట. హైదరాబాదులో హాస్టలు ఖర్చు, బస్సు ఖర్చు భరించి ఉచితంగా పనిచేయగలవాళ్లు ఎవరు? ఇంట్లో డబ్బున్నవాళ్లే. తక్కినవాళ్లు గ్రూప్స్ కోచింగ్‌కు పోతారు. దుమ్ము దులపడానికి అటెండరుకు జీతం ఇస్తారు, చదవడానికి ఎం.ఏ. పట్టభద్రురాలికి ఇవ్వరు. ఇదేమి లెక్కో నాకు అర్థం కాదు.

నేను కోరేది పెద్దది కాదు. జిల్లా రికార్డు రూముకు ఇద్దరు చొప్పున పీజీ చేసినవారిని నెలనెలా భృతి ఇచ్చి ఏడాది పాటు అప్రెంటిస్‌లుగా తీసుకోవాలి. నల్గొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం కలిసి ఒక సర్టిఫికెట్ కోర్సు పెట్టి, అందులో ఉర్దూ లిపిని తప్పనిసరి చేయాలి. విశ్రాంత ఉద్యోగుల్లో పాత రాత చదవగలిగినవాళ్లు ఇంకా ఉన్నారు. మేము ఉండగానే పిలవండి.

రికార్డులు బయటి పిల్లల చేతికిస్తే మాయమవుతాయని కొందరు అధికారులు భయపడతారు. నా అనుభవంలో మాయమైనవన్నీ జాబితాలో లేనివే. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయినప్పుడు ఉర్దూ చీటీలు చదవమని ఒక కార్యాలయం వారు నన్ను పిలిచారు. రిటైరైనవాణ్ణి, సరదాగా వెళ్లాను. ఏ బస్తా ఏ జిల్లాదో పైన గుడ్డ మీది చీటీ చూసి తేల్చాలి. చీటీ ఊడినవాటిని ఒక మూలకు నెట్టారు. శాశ్వతంగా ఉంచవలసిన ఆర్.డిస్ ఫైళ్లు, పదేళ్ల తరువాత తీసేయదగిన డి.డిస్ ఫైళ్లు ఆ గుట్టలో కలిసే ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విప్పి రాసుకునే మనిషి ఆ రోజు లేడు. కేంద్రానికి 1993లో పబ్లిక్ రికార్డుల చట్టం వచ్చింది. ప్రతి కార్యాలయం ఒక రికార్డ్స్ ఆఫీసరును నియమించుకోవాలని అందులో ఉంది. అది కేంద్ర కార్యాలయాలకూ కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తిస్తుంది. అదే పద్ధతిని మన జిల్లాల్లో పాటించడానికి అడ్డేమిటి?

విద్యార్థులకు ఒక మాట. ప్రభుత్వ గదులే ఆర్కైవ్స్ అనుకోకండి. గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాల ఊళ్లలో పాత కుటుంబాల ఇళ్లు తట్టండి. 1931లో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ మా దేవరకొండలోనే జరిగింది. ఆనాటి ఉత్తరం, కరపత్రం, ఫొటో ఎవరింటి అటకమీదైనా ఉందేమో అడిగి చూడండి. షబ్నవీసు వెంకటరామ నరసింహారావు 1922లో నల్గొండ నుంచి నీలగిరి పత్రిక నడిపారు. దాని సంచికలు ఎక్కడెక్కడ ఉన్నాయో ఒక పట్టిక తయారుచేసినా అది మంచి ఆరంభమే. ఇలాంటి ప్రమాదంలో ఉన్న పాత పత్రాలను డిజిటైజ్ చేయడానికి బ్రిటిష్ లైబ్రరీ 2004 నుంచి ఎండేంజర్డ్ ఆర్కైవ్స్ ప్రోగ్రామ్ కింద గ్రాంట్లు ఇస్తోంది. ఒక ఆచార్యుణ్ణి వెంటబెట్టుకుని దరఖాస్తు పెట్టవచ్చు. కాగితాలు మాత్రం ఇంటివాళ్లకే వదిలేసి, నకలు మీరు తెచ్చుకోండి.

ఉర్దూ అక్షరాలు, ఫస్లీ లెక్క, సియాఖ్ గుర్తులు నేర్చుకోవాలనుకునేవారు ఎవరైనా మీ కార్యాలయానికి రాస్తే, ఆ ఉత్తరాలు నాకు చేర్చగలరు. ఆదివారం పాఠంలో ఇంకో నలుగురికి చోటుంది. నేను పింఛను తీసుకుంటున్నాను కాబట్టి ఉచితంగా చెప్పినా నాకు చెల్లుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి,
దేవరకొండ, నల్గొండ జిల్లా