వానల దేశమొక్కటే కాదు బర్మా

సంపాదకులు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో మయన్మార్ (పాత పేరు బర్మా) గురించి వచ్చిన వ్యాసాన్ని ఆసక్తిగా చదివాను. ఫొటోలు బాగున్నాయి. అయితే ఆ దేశమంతా ఏడాదిలో సగం కాలం వానలో నానుతుందని ఒకే గాటన కట్టడం, అక్కడి తిండి చైనా వంటకు దగ్గరి చుట్టమని రెండు ముక్కల్లో తేల్చేయడం, ముప్పయ్యేళ్లు బడిపిల్లలకు భూగోళం చెప్పిన నాకు మింగుడుపడలేదు. పైగా మాది బారువ. ఇక్కడి పెద్దవాళ్లు ఆ దేశాన్ని మయన్మార్ అనరు. అక్కడి రేవు నగరం రంగూన్ పేరును 'రంగం' చేసుకుని 'మా తాత రంగం వెళ్లాడు' అంటారు. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం రేవుల్లో స్టీమరెక్కి అక్కడి ఓడరేవుల్లో, బియ్యం మిల్లుల్లో కూలికి వెళ్లినవారి మనవలు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు. వారు చదివే పత్రికలో ఆ దేశం సంగతి ఇంకొంచెం సరిగా రావాలి కదా!

అట్లాసు తెరిచి, శ్రీకాకుళం నుంచి నేరుగా తూర్పుకు స్కేలు పెట్టి గీత గీస్తే, సుమారు పదకొండు వందల కిలోమీటర్ల సముద్రం దాటాక అది మయన్మార్ పడమటి అంచునున్న రఖైన్ తీరంలో థాండ్వే పట్టణం దగ్గర ఒడ్డెక్కుతుంది. అక్షాంశం దాదాపు ఒకటే, సముద్రమూ ఒకటే, వీచేదీ ఆ నైరుతి గాలే. అయినా మన జిల్లాలో ఏడాదికి పదకొండు వందల మిల్లీమీటర్ల పైచిలుకు కురిస్తే, ఆ తీరంలో ఐదు వేలు దాటుతుంది. మన దగ్గరికి వచ్చే నైరుతి గాలి పడమటి కనుమల మీదే సగం బరువు దించుకుని, దక్కను మీదుగా ఎండిపోయి వస్తుంది. అందుకే మనం అల్పపీడనాల కోసం ఆకాశం వంక చూస్తూ కూర్చుంటాం. అక్కడికి పోయే గాలి మాత్రం బంగాళాఖాతం నీటిని నిండా తాగి, తీరాన్ని ఆనుకుని నిలువుగా నిలబడ్డ అరకాన్ యోమా కొండలకు కొట్టుకుని, ఆ తీరం మీదే కుమ్మరిస్తుంది.

వ్యాసకర్త వదిలేసింది ఆ కొండలకు అవతలి వైపును. మాండలే, మగ్వే ప్రాంతాలు, సగైంగ్ దక్షిణ భాగం వర్షచ్ఛాయలో, అంటే కొండలు వానను అడ్డుకునే వైపు, పడిపోవడం వల్ల అక్కడ ఐదు వందల నుంచి వెయ్యి మిల్లీమీటర్ల లోపే కురుస్తుంది. వేల గుడులున్న బగాన్ చుట్టూ మీ ఫొటోలో కనిపించిన ఆ ఎర్రటి దుమ్ము, ముళ్ల తుప్పలు, తాటిచెట్లు చూసి అనంతపురం వారెవరైనా తమ ఊరే అనుకుంటారు. ఉత్తరాన మంచుకొండల నీటితో మొదలై ఇంచుమించు 2,170 కిలోమీటర్లు పారే ఐరావతి నది ఈ ఎండు నేల మధ్యగా దిగివచ్చి, దక్షిణాన మళ్లీ వానలు పుష్కలంగా కురిసే డెల్టాలో పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. 2008 మే నెలలో నర్గీస్ తుపాను లక్షకు పైగా ప్రాణాలను బలిగొన్నది ఆ పల్లపు డెల్టాలోనే.

తిండి సంగతి ఈ నేలను బట్టే నడుస్తుంది. ఎండు ప్రాంతంలో నువ్వులు, వేరుశనగ, కంది పండుతాయి, తాటిబెల్లం వండుతారు. అందుకే బర్మా కూరల్లో నూనె ధారాళం. నూనె విడిపోయి పైకి తేలేదాకా కూరను సన్నసెగ మీద మగ్గనిచ్చే పద్ధతి మన ఇగురుకు దగ్గరగా ఉంటుందే గానీ, పెనం మీద గబగబా తిప్పే చైనా వంటకు కాదు. డెల్టాలో వరి కోసిన మళ్లలో మిగిలిన తేమ మీదే మినుము వేసి పంట తీస్తారు, మనం చేసినట్టే. ఆ పంటలో చాలా భాగం మన దేశానికే వస్తుంది. ఏటా రెండున్నర లక్షల టన్నుల మినుములు, లక్ష టన్నుల కందులు దిగుమతి చేసుకునేందుకు 2021లో రెండు ప్రభుత్వాల మధ్య అయిదేళ్ల ఒప్పందం కుదిరింది. కిరాణా కొట్లో 'బర్మా మినుములు' అన్న మాట వినని గృహిణి ఉండదు. తూర్పున షాన్ కొండల్లో తేయాకు చిగుళ్లను ఆవిరి పట్టి, అదిమి, నెలల తరబడి పులియబెట్టి, వేయించిన వేరుశనగలు, నువ్వులు, వెల్లుల్లి కలుపుకుని తింటారు. తేయాకును తాగడమే కాక ఊరబెట్టి తినే ఆచారం ప్రపంచంలో అరుదు. మీ వ్యాసంలో దీని ఊసే లేదు.

మొహింగా గురించి వ్యాసకర్త 'నూడుల్స్ సూప్' అని ఊరుకున్నారు. మా వీధిలో రంగం నుంచి చిన్నతనంలోనే తిరిగివచ్చిన ఒక ముసలావిడ ఉండేవారు. మొహింగా వండాలంటే ఆవిడ అరటి దూటను చక్రాలుగా తరుగుతూ, చక్రానికీ చక్రానికీ మధ్య సాగే పీచును వేలికి చుట్టి తీసేసి, ముక్కలను మజ్జిగ నీళ్లలో వేసేవారు. చేపను ఉడికించి, ముళ్లు ఏరి, ఆ రసంలోనే అల్లం, వెల్లుల్లి, నిమ్మగడ్డి, దూట ముక్కలు వేసి, దోరగా వేయించి విసిరిన బియ్యప్పిండితో చిక్కబరిచి, ఉడికించిన బియ్యపు సేవల మీద పోసేవారు. బర్మాలో పొద్దున్నే వీధి చివర బండి దగ్గర జనం తినేది ఇదే. ఆవపెట్టిన దూట కూర తినే మనకు ఇందులో కొత్తగా తోచేది నిమ్మగడ్డి ఒక్కటే. పులియబెట్టిన చేపల ముద్ద 'ఙపీ'ని మాత్రం ఆవిడ ఇంట్లోకి రానివ్వలేదు. వాసనకు కోడలు ఒప్పుకోలేదట.

ఈ వరుసలో వచ్చే వారం థాయ్‌లాండ్ అని ప్రకటించారు. దానితోపాటు మయన్మార్ వర్షపాత పటాన్ని, థాండ్వే, మాండలే అంకెలతో సహా, ఒక మూలన ప్రచురిస్తే పోటీ పరీక్షలకు చదివే మా జిల్లా పిల్లలు కత్తిరించి దాచుకుంటారని మనవి.

ఇట్లు,
విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
బారువ, శ్రీకాకుళం జిల్లా