లైసెన్సు ఇచ్చే ముందు చూపును కొలవండి

సంపాదకులకు నమస్కారం.

ఒంగోలులో కళ్ళజోళ్ళ దుకాణం నడుపుకునేవాణ్ణి. చూపు తక్కువగా ఉన్నవారికి డ్రైవింగ్ లైసెన్సు విషయంలో ఉన్న నిబంధన గురించి, అంతకంటే ముఖ్యంగా అది అమలయ్యే తీరు గురించి, మీ పత్రిక ద్వారా రవాణా శాఖకు ఒక మాట చెప్పదలిచాను.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం దరఖాస్తుదారు ఫారం-1లో తన ఆరోగ్యం గురించి తానే రాసిస్తే చాలు. మంచి పగటి వెలుతురులో, అద్దాలు వాడేవారైతే అద్దాలతోనే, 25 మీటర్ల దూరంలోని కారు నంబరు ప్లేటును ఒక్కొక్క కంటితో గుర్తుపట్టగలరా, రేచీకటి ఉందా అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి. రవాణా వాహనాలు నడిపేవారు, 40 ఏళ్ళు దాటినవారు మాత్రం ఫారం-1ఏ మీద డాక్టరు సంతకం తేవాలి. 2019 సవరణ తరువాత 30 ఏళ్ళ లోపువారి లైసెన్సు 40 ఏళ్ళు నిండేదాకా చెల్లుతోంది కాబట్టి, 20 ఏళ్ళ కుర్రవాడు ఒక్కసారి టిక్కు పెడితే మరో 20 ఏళ్ళ దాకా అతని కళ్ళ సంగతి అడిగేవారు ఉండరు.

నిజానికి నంబరు ప్లేటు పరీక్ష మంచిదే. కారు ప్లేటు మీద అక్షరం ఎత్తు 65 మిల్లీమీటర్లు. దాన్ని 25 మీటర్ల నుంచి చదవాలంటే చూపు కొలిచే మా అక్షరాల బోర్డు లెక్కలో 6/12 కంటే కాస్త మెరుగైన చూపు కావాలి. 6/12 అంటే, మామూలు చూపు ఉన్నవారు 12 మీటర్ల నుంచి చదివేదాన్ని 6 మీటర్ల దగ్గరికి వస్తే గానీ చదవలేకపోవడం. అద్దాలు పెట్టుకున్నా రెండు కళ్ళలో మెరుగైనదాని చూపు 6/18 దాటకపోతే 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం దాన్ని అల్పదృష్టి అంటుంది. అటువంటివారికి అదే అక్షరం సుమారు 15 మీటర్ల దగ్గరికి వస్తే గానీ ఆనదు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్ళే బండి ఒక్క సెకనులో దాటిపోయే దూరం దాదాపు 17 మీటర్లు. పరీక్ష ఇంత బాగా రాసిపెట్టి ఉన్నా, దాన్ని పెట్టేవారే లేకపోవడం నా ఫిర్యాదు.

ఈమధ్య చీమకుర్తి నుంచి గ్రానైట్ దిమ్మెలు తోలే లారీ డ్రైవరు ఒకాయన చత్వారం అద్దాల కోసం మా దుకాణానికి వచ్చారు. కుడికన్ను మూసి బోర్డు చదవమంటే, అన్నిటికంటే పైనున్న పెద్ద అక్షరం దగ్గరే ఆగిపోయి, మెడ అటూ ఇటూ తిప్పి, కుర్చీ ముందుకు జరుపుకోబోయారు. ఎడమకంటికి శుక్లం ముదిరిపోయింది. రాత్రిపూట ఎదురు లైట్లు పడితే రోడ్డంతా తెల్లబడిపోతుందని, అది లైట్ల తప్పే అనుకున్నానని చెప్పారు. ఆయన లైసెన్సు రెన్యువల్ అయి నెల తిరగలేదు. సంతకం చేసిన డాక్టరు కాగితం మీద నుంచి తల ఎత్తలేదట. శుక్లం ఆపరేషన్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే చేస్తారు. రెన్యువల్ అప్పుడే చూపు నిజంగా కొలిచి ఉంటే ఆయన ఉపాధి పోయేది కాదు, కన్ను బాగుపడేది.

మరోవైపు, కొండపి ప్రాంతం నుంచి వచ్చిన పొగాకు రైతు కొడుకు ఒకతను, దివ్యాంగ ధ్రువపత్రం చేతిలో పట్టుకుని, మోపెడ్‌కైనా లైసెన్సు వస్తుందా అని అడిగాడు. మెరుగైన కంటికే 6/24 ఉన్నందువల్ల రాదని చెప్పాను, రాకపోవడం న్యాయమనే ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ నిజం చెప్పినవాడిని ఆపేసి, దాచినవాడికి కార్డు ఇచ్చే పద్ధతిని అతనికి ఏమని సమర్థించగలం?

నీటికాసులు (గ్లకోమా) ముదిరినవారి సంగతి వేరు. ఎదుటి ప్లేటు చక్కగా చదువుతారు గానీ పక్కనుంచి వచ్చే సైకిలు కనబడదు. దీనికి ప్లేటు చాలదు, కంటి డాక్టరే చూడాలి.

బ్రిటన్‌లో డ్రైవింగ్ పరీక్షకు వచ్చినవారు ముందుగా అధికారి ఎదుటే 20 మీటర్ల నుంచి ప్లేటు చదవాలి. అమెరికాలోని అనేక రాష్ట్రాలు అల్పదృష్టి ఉన్నవారికి పగటిపూట మాత్రమే నడపాలన్న షరతుతో, కొన్నిచోట్ల కళ్ళద్దాలకు బిగించిన చిన్న దూరదర్శినితో లైసెన్సు ఇస్తున్నాయి. వెనక లైటు లేని ట్రాక్టర్లు, దారికడ్డంగా నిలబడే గేదెలు ఉన్న మన రోడ్ల మీద దూరదర్శిని ప్రయోగం నాకు భయమే. అయితే పగలు చూపు బాగుండి రేచీకటి మాత్రమే ఉన్నవారికి పగటి లైసెన్సు ఇచ్చే ఆలోచన కేంద్రం చేయవచ్చు. వర్ణాంధత (రంగుల తేడా తెలియకపోవడం) విషయంలో స్వల్ప, మధ్యస్థ స్థాయి ఉన్నవారికి 2020లో అనుమతి ఇచ్చి, తీవ్రంగా ఉన్నవారిని ఆపినట్టే ఇక్కడా స్థాయిని బట్టి నిర్ణయించవచ్చు.

రవాణా శాఖ కార్యాలయాలు మాత్రం అంతవరకు ఆగనక్కరలేదు. ఆవరణలో 25 మీటర్లు కొలిచి గీత గీసి, ఒక్కో కన్ను మూయించి ప్లేటు చదివించాలి. ఒకే ప్లేటు వేలాడదీస్తే బయట ఏజెంట్లు ఆ నంబరును వల్లె వేయించి మరీ పంపుతారు గనుక ప్లేట్లు మారుస్తుండాలి. ఫారం-1ఏ ఇచ్చే డాక్టరు రెండు కళ్ళ కొలతలూ అంకెల్లో రాయాలని కోరాలి. చదవలేనివారిని తిప్పి పంపకుండా ప్రభుత్వ కంటి వైద్యుల దగ్గరికి చీటీ రాసి పంపాలి. లారీ, బస్సు డ్రైవర్లు 5 ఏళ్ళకోసారి రెన్యువల్‌కు ఎలాగూ వస్తారు కనుక, మన జిల్లాలో వారితోనే ఈ పని మొదలుపెట్టమని అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కళ్ళజోళ్ళ వ్యాపారి,
ఒంగోలు, ప్రకాశం జిల్లా