చలికాలం రాకముందే

గుంటూరు

ప్రియమైన బావా,

వందనాలు. మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట మనసులోంచి పోవడం లేదు. కువైట్‌లో శుక్రవారం ఆరాధనకు వెళ్ళడం మానేశానన్నావు. "యూట్యూబ్‌లో వాక్యం వింటున్నా, గదిలో మోకాళ్ళేస్తున్నా, దేవుడూ నేనూ ఉంటే చాలు కదా" అన్నావు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాన్న పోయాక నేనూ అచ్చం అదే మాట అన్నాను.

నీకప్పుడు చెప్పలేదు. నాలుగు నెలలు నాకు ప్రార్థన రాలేదు. బైబిలు తెరిస్తే అక్షరాలు కనపడేవి, అంతే. చర్చికెళ్తే అందరూ ఓదారుస్తారని ఆదివారాలు కొరిటెపాడులో ఇల్లు కదిలేవాణ్ణి కాదు. అప్పుడు మన సంఘంలో బాబాయ్, మిర్చి యార్డులో కాటా దగ్గర పనిచేసి రిటైరైన పెద్దాయన, ఒక గురువారం సాయంత్రం సైకిలేసుకుని వచ్చాడు. ధైర్యంగా ఉండమనలేదు, దేవుడి చిత్తం అనలేదు. ఒక కీర్తన చదివి, అమ్మ ఇచ్చిన టీ తాగి, "వస్తాన్రా" అని వెళ్ళిపోయాడు. మళ్ళీ గురువారం అంతే. మూడోవారం 13వ కీర్తన తీశాడు. ఎన్నాళ్ళు నన్ను మరచిపోతావు దేవా అని దావీదు అడిగేది. నాకు ఏడుపు ఆగలేదు. ఆయన నా వీపు మీద చెయ్యేసి, చివరి వచనం దాకా చదివి, ప్రార్థన చేశాడు. నేను ఆమేన్ అన్నాను. నాలుగు నెలల్లో నేను చేసిన ప్రార్థన ఆ ఒక్క మాటే.

సండే స్కూల్లో యోబు స్నేహితుల్ని మనం ఎంత తిట్టుకునేవాళ్ళమో గుర్తుందా? యోబు అన్నీ పోగొట్టుకుని కుమిలిపోతుంటే వాళ్ళు ముందు ఏడు పగళ్ళు, ఏడు రాత్రులు ఒక్క మాటా లేకుండా అతనితో నేలమీద కూర్చున్నారు బావా. నోరు తెరిచాకే అంతా పాడుచేశారు. బాబాయ్ ఆ మొదటి ఏడు రోజుల దగ్గరే ఆగిన మనిషి.

సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువే ముగ్గురు శిష్యుల్ని వెంటబెట్టుకెళ్ళి, నాతో మెలకువగా ఉండండని అడిగాడు. వాళ్ళు నిద్రపోయారు, సరే. తండ్రికి అంత దగ్గరగా ఉన్నవాడు కూడా అడిగాడు కదా! పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక చివర చూడు. లూకా ఒక్కడే నా దగ్గరున్నాడు, త్రోయలో కర్పు దగ్గర వదిలిన అంగీ పట్టుకురా, పుస్తకాలు పట్టుకురా, చలికాలం రాకముందే వచ్చెయ్ అంటాడు. ఎన్నో సంఘాలను కట్టిన మనిషి, ఖైదులో కూర్చుని స్నేహితుడి కోసం దారి చూస్తున్నాడు. ఆ భాగం చదివినప్పుడల్లా నాకు గొంతు పట్టేస్తుంది.

మన ఊరికి మొదట వచ్చిన లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు 1842 జూలై 31న గుంటూరు వచ్చారని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. అప్పటికి ఆయనకు 49 ఏళ్ళు. తోటి మిషనరీ గన్ అయ్యగారు, ఆయన భార్య వచ్చింది 1844లో. కలెక్టర్ స్టోక్స్ ఆదరించాడు, నిజమే. అయినా భాష రాని ఊళ్ళో ఆ రెండేళ్ళ సాయంత్రాలు ఎలా గడిచి ఉంటాయా అని ఈమధ్య తెగ ఆలోచిస్తున్నాను.

నువ్వు నొచ్చుకున్నావని తెలుసు. ప్రార్థన అంశమని నమ్మి చెప్పుకున్న ఇంటి సంగతి నలుగురి నోళ్ళలో పడితే ఎవరికైనా మనసు విరుగుతుంది. అది తప్పే, చాలా పెద్ద తప్పు. అందరికీ చెప్పుకోమని నేననడం లేదు. నీ గది తలుపు తట్టగలిగినవాడు ఒక్కడైనా అక్కడ ఉండాలి. వెతుకు.

అతను దొరికేదాకా నేనున్నాను. గురువారం రాత్రి తొమ్మిదిన్నరకు చేస్తాను, నీకక్కడ ఏడవుతుంది. నువ్వేం మాట్లాడక్కర్లేదు. నేనొక కీర్తన చదువుతాను. బాబాయ్ కూడా పక్కన కూర్చుంటానన్నాడు.

అత్తయ్య నిన్న బ్రాడీపేటలో కనిపించింది. గోంగూర పచ్చడి పెట్టి ఉంచిందట, వచ్చేవాళ్ళెవరైనా ఉంటే చెప్పు.

గురువారం ఫోన్ ఎత్తు.

నీ బావ