ఓట్లు మారకుండా బలం మారిందంటే ఎలా?

సంపాదకులకు నమస్కారం.

బ్రెజిల్, రష్యా, భారత్, చైనా, దక్షిణాఫ్రికా తదితర దేశాల కూటమి బ్రిక్స్ సదస్సు జరిగిన ప్రతిసారీ అమెరికా పని అయిపోయిందని, ఇక ఒక్క దేశం పెత్తనం కాకుండా పలు శక్తులున్న బహుళ ధ్రువ ప్రపంచమేనని పేపర్లలో, టీవీల్లో ఒకటే హోరు. ఆ గ్రూప్ ఫొటోలు కాసేపు పక్కనపెట్టి దేశాలకు అప్పులిచ్చే అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్)లో ఎవరికెన్ని ఓట్లున్నాయో చూడండి.

అమెరికాకు సుమారు 16.5 శాతం. కోటాలు, అంటే ఓట్లను నిర్ణయించే దేశాల వాటాలు, మార్చడం లాంటి పెద్ద నిర్ణయాలకు 85 శాతం కావాలి కాబట్టి అమెరికా ఒక్కటీ కాదంటే మిగతా దేశాలన్నీ కలిసినా పని జరగదు. కొనుగోలు శక్తి లెక్కన, అంటే ఏ దేశంలో డబ్బుకు ఎంత సరుకు వస్తుందో చూసి లెక్కిస్తే, ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద ఆర్థిక వ్యవస్థ చైనాది, మూడోది మనది, ఈ లెక్క చెప్పేది కూడా ఆ ఐఎంఎఫే! ఓట్ల దగ్గరికొచ్చేసరికి చైనాకు 6 శాతం చిల్లర, మనకు 2.6, బ్రిటన్‌కూ ఫ్రాన్స్‌కూ చెరో 4. 2010లో ఒప్పుకున్న కాస్త సవరణ కూడా అమెరికా కాంగ్రెస్ తాత్సారం వల్ల 2016లో గానీ అమల్లోకి రాలేదు. 2023 డిసెంబరులో కోటాలు 50 శాతం పెంచాలని తీర్మానించారు, అయితే అందరికీ ఒకే దామాషాలో. అంటే ఎవరి వాటా వాళ్లదే.

అజయ్ బంగా ప్రపంచ బ్యాంకు అధ్యక్షుడైనప్పుడు మన బేగంపేట హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌లో చదివినాయనే అని తెగ సంబరపడ్డాం. మంచిదే గానీ ఆయన పేరు ప్రతిపాదించింది బైడెన్, అదీ అమెరికా పౌరుడు కాబట్టి. ఆ కుర్చీ అమెరికాది, ఐఎంఎఫ్ కుర్చీ యూరప్‌ది అనే పాత ఒప్పందం చెక్కుచెదరలేదు.

పోనీ చైనా బలపడితే న్యాయం జరుగుతుందా అంటే, బీజింగ్ కేంద్రంగా 2016లో మొదలైన ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు (ఏఐఐబీ)ను చూడండి. అక్కడ చైనాకు నాలుగో వంతుకు పైగా ఓట్లు, కీలక నిర్ణయాలకు నాలుగింట మూడు వంతుల ఓట్లు కావాలి. అదే తాళం, చెవి మాత్రం వేరేవాళ్ల చేతిలో. ఆ బ్యాంకు దండగ అనడం లేదు, 2017లో ఆంధ్రప్రదేశ్ 24 గంటల కరెంటు పథకానికి 16 కోట్ల డాలర్ల అప్పిచ్చింది. ఈ విషయంలో బ్రిక్స్ వాళ్ల న్యూ డెవలప్‌మెంట్ బ్యాంకే కొంత నయం, ఐదు వ్యవస్థాపక దేశాలకూ సమాన వాటా, ఎవరికీ వీటో లేదు. కానీ చిన్న బ్యాంకు.

మనం అమెరికా వైపా, రష్యా వైపా అంటూ రోజూ రాసే వ్యాసాలు చాలండి. వాటాల ఫార్ములా మార్చడానికి మన ప్రభుత్వం ఏమడుగుతోంది, ఎవరిని కూడగడుతోంది అన్నది రాయండి, బిజినెస్ పేజీలో ఏ మూలనో కాకుండా మొదటి పేజీలో.

- ఒక పాఠకుడు, కాకినాడ